బరంపురం నించి బారువ: వెళ్ళడం సుళువే, తిరిగొచ్చే దారి ముందు చూసుకోండి

ఇది హోటల్ రివ్యూ కాదు, అచ్చంగా బీచ్ రివ్యూ కూడా కాదు. ఒడిశా బరంపురంలో ఉంటున్న తెలుగువాళ్ళం మేము, ఇక్కడినించి శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న బారువ వెళ్ళి రావడానికి రైలు, బస్సు, షేర్ ఆటో, ఆఖరికి మా బండి కూడా అన్నీ వాడి చూసేం, మూడు ట్రిప్పులు అయ్యేయి, అందులో ఏది పనికొచ్చింది ఏది మా ప్రాణం తీసింది అన్నది రాస్తన్నాను, ఎవరికైనా ఉపయోగపడతాదేమో అని.

గోపాలపూర్ పక్కనే ఉండగా బారువ ఏటి అని మా ఆఫీసులో ఒరియా ఫ్రెండ్స్ అడిగేరు. నిజమే, గోపాలపూర్ మాకు 15, 16 కిలోమీటర్లు, బస్సు ఎక్కితే టీ చల్లారేలోపు దిగిపోతాం. కానీ ఆదివారం అక్కడ ఇసక కనబడదు, మనుషులే కనబడతారు. అదొకటి. రెండోది మా అమ్మ. అమ్మకి 72, వాళ్ళ తాత రంగం, అంటే బర్మాలో రంగూన్, వెళ్ళేడట బారువలో ఓడెక్కి, ఆ తీరం ఒకసారి చూపించరా అని మూడేళ్ళ నించీ అడుగుతంది. మాకు తెలిసిన బరంపురం తెలుగు కుటుంబాల్లో సగం మందిది ఇదే కథ, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయినప్పుడు గంజాం జిల్లాని కోసేసి బరంపురం అటు, ఇచ్ఛాపురం సోంపేట ఇటు చేసేరు, చుట్టాలు మాత్రం కోస్తే తెగరు కదా.

మొదటిసారి రైల్లో వెళ్ళేం, నేను, మా ఆవిడ, అమ్మ. ఆదివారం పొద్దున్న ఉప్మా, ఘుగుని (బఠాణీల కూర) తినేసి స్టేషన్ కి వెళ్ళేం. జనరల్ టికెట్టే చాలు, ముగ్గురికీ కలిపి వంద లోపే అయింది. రైల్వే వాళ్ళ ఫోన్ యాప్ లో టికెట్ తీసుకునేవాళ్ళు ఇంటి దగ్గరో దారిలోనో తీసేసుకోండి, ప్లాట్‌ఫాం మీద నించుని నొక్కితే అవ్వదు, నేను నొక్కి నొక్కి చివరికి కౌంటర్ దగ్గరికి పరిగెత్తేను.

రైలు ప్రయాణానికి నేను ఐదుకి ఐదు ఇచ్చేస్తాను. గంట లోపు పని. గొళంత్రా, సుర్లా రోడ్, ఇచ్ఛాపురం, ఝాడుపూడి, ఆ తరవాత సోంపేట, ఎక్స్‌ప్రెస్ అయితే మధ్యలో చిన్నవి వదిలేస్తాది. సముద్రం కనబడతాదేమో అని అమ్మ ఎడంపక్క కిటికీ పట్టుకుంది, కనబడదు, లైను లోపలికి ఉంది, సముద్రం కావాలంటే ఆ దూరం మనమే వెళ్ళాలి. కుడిపక్క కూర్చోండి, కొండలు బాగుంటాయి, వానలు పడ్డాక అయితే ఇంకా బాగుంటాయి, తూర్పు కనుమలు మబ్బులు కప్పుకుని నించుంటాయి. ఇచ్ఛాపురం దగ్గర బాహుదా నది దాటుతున్నప్పుడు పక్క సీటు పెద్దాయన "ఇదిగో బాబూ మన ఆంధ్రా" అన్నారు, ఆయన మొహం చూస్తే ఇంటికొచ్చీసినట్టే ఉంది. టీవీలో నాయకులందరూ ఇచ్ఛాపురం నించి తడ దాకా అంటుంటారు కదా, ఆ మొదటి ముక్క ఇదే, అన్న వాళ్ళలో ఎంతమంది ఇక్కడ టీ తాగేరో మరి.

ఇప్పుడు అసలు తికమక. సోంపేట స్టేషన్ సోంపేటలో లేదు. కంచిలిలో ఉంది! బోర్డు మీద సోంపేట అని ఉంటాది, బయటికొస్తే ప్రతి షాపు మీదా కంచిలి అని ఉంటాది, మా ఆవిడ అయితే ముందు స్టేషన్లో దిగిపోయేం అనుకుని నామీద ఇంతెత్తున లేచింది. సోంపేట ఊరు అక్కడినించి నాలుగైదు కిలోమీటర్లు. బారువ అన్న పేరుతో స్టేషన్ కూడా ఒకటుంది, తరవాతదే, కానీ అక్కడ ప్యాసింజర్ లాంటి బళ్ళే ఆగుతాయి, పైగా ఆ స్టేషన్ కూడా సముద్రం ఒడ్డున లేదు, కాబట్టి పేరు చూసి ఆశపడొద్దు. కొత్తవాళ్ళకి సోంపేటే నయం, దిగగానే ఆటోలుంటాయి.

ఆటోల సంగతి. షేర్ ఆటో కంచిలి నించి సోంపేట, అక్కడ మారి మళ్ళీ ఇంకో షేర్ ఆటో బారువకి, అది ఎనిమిదో తొమ్మిదో కిలోమీటర్లు ఉంటాది. నిండితేనే కదులుతాది. నిండడం అంటే మనం అనుకునే నిండడం కాదు, డ్రైవర్ కి అటూ ఇటూ ఇద్దరు కూర్చుని, వెనక చేపల బుట్ట పెట్టి, ఆ పైన ఇంకో అబ్బాయి వేలాడితే అప్పుడు నిండినట్టు. అమ్మతో అది కుదరదని ఆటో మొత్తం మాట్లాడుకున్నాం, 400 అడిగేడు, 300కి ఒప్పుకున్నాడు, మనిషి మంచోడే అనిపించింది (ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాది).

దారి మాత్రం ఎంత బాగుందంటే, అటూ ఇటూ కొబ్బరి తోటలు, జీడి తోటలు, పనస చెట్లు, మధ్యమధ్యలో మొగలి పొదలు. ఇదంతా ఉద్దానం కదా, శ్రీకాకుళం జిల్లాలో తోటలున్న తీరప్రాంతం. కొన్నిచోట్ల కొబ్బరిచెట్లు తల లేకుండా మొండెం మాత్రం నించుని ఉన్నాయి, 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పోయినవి అవి, కొబ్బరి మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడతాది, ఆటో డ్రైవర్ వాళ్ళ చెట్లు కూడా పోయేయట, అందుకే ఆటో కొన్నాను సార్ అన్నాడు. సోంపేట పక్కన బీల భూములు కూడా చూపించేడు, వానాకాలం నీళ్ళు నిలబడే చిత్తడి నేల, పశువులు మేస్తాయి, చేపలు దొరుకుతాయి, అక్కడ థర్మల్ ప్లాంట్ కడతామంటే జనం అడ్డం తిరిగేరు, 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయేరు. నేను అప్పుడు చదువుకుంటన్నాను, పేపర్లో చూసేను, ఆ నేల పక్కనించి ఆటోలో పోతూ చూడడం వేరేగా ఉంది. ఇప్పుడు అక్కడ కొంగలున్నాయి.

బారువ చిన్న ఊరు. అంటే నిజంగా చిన్నది. పెద్ద ఓడరేవు ఉండేది అంటే నమ్మబుద్ధి కాదు. రైలు లైను పడక ముందు సరుకూ మనుషులూ ఓడల్లోనే కదా, బ్రిటిష్ వాళ్ళ కాలంలో స్టీమర్లు ఇక్కడ ఆగేవి. ఇప్పుడు మిగిలింది లైట్‌హౌస్, ఒడ్డున తెప్పలు, వలలు బాగుచేసుకుంటున్న మనుషులు. 1917లో చిలకా అన్న స్టీమర్ ఇక్కడ దగ్గరలో తగలబడి మునిగిపోయింది, దాని గుర్తుగా ఒడ్డున స్తంభం ఉంది, అమ్మ దాని దగ్గర చాలాసేపు నించుంది. వాళ్ళ తాత ఎక్కిన ఓడ ఇది కాదు అని నేను చెప్పేను, నాకు తెలుసురా, ఇదైతే నువ్వుండేవోడివి కాదు అంది. తరవాత చెప్పులు విప్పి నీళ్ళలో కాళ్ళు పెట్టింది, ఏమీ మాట్లాడలేదు. మా ఆవిడ ఫోటో తియ్యబోతే నేనే వద్దన్నాను.

మహేంద్రతనయ సముద్రంలో కలిసేది ఇక్కడే. ఒడిశాలో మహేంద్రగిరి కొండల్లో పుట్టి ఇక్కడికొచ్చి కలుస్తాది. ఆ మొగ దగ్గర నీళ్ళలోకి దిగొద్దు, చూడ్డానికి మోకాలి లోతే అనిపిస్తాది, కింద ఇసక కదిలిపోతా ఉంటాది, పిల్లలున్నవాళ్ళు మరీ జాగ్రత్త. జనవరి నించి మార్చి మధ్య వెళ్తే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే సీజన్, ఒడిశాలో రుషికుల్య నది మొగ దగ్గర లాగ వేలకి వేలు ఒక్కసారి రావు ఇక్కడ, కానీ వస్తాయి, రాత్రిపూట లైట్లు వేసి ఒడ్డున గోల చెయ్యకండి. కోటిలింగేశ్వరస్వామి గుడి, జనార్దనస్వామి గుడి రెండూ చూసేం, మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి ముందు గుడి తరవాత సముద్రం పెట్టుకోండి, మేము తిరగేసి చేసి ఎండలో తలుపుల ముందు కూర్చున్నాం.

తిండికి ఒడ్డున పెద్దగా ఏమీ లేదు. కొబ్బరి బొండాలు మాత్రం అద్భుతం, ఒక్కో బొండాం ఇద్దరికి సరిపోతాది. భోజనానికి సోంపేట వచ్చేయడం మంచిది, లేదా ఊళ్ళో ఎవరినైనా పొద్దున్నే అడిగి పెట్టుకోండి, మాకు ఒక ఇంటావిడ కానాగంతల పులుసు, నెత్తళ్ళ వేపుడు చేసిచ్చింది, డబ్బులు కూడా బతిమాలి ఇవ్వాల్సొచ్చింది. నేను తిన్న చేపల పులుసుల్లో ఇది పైవరసలో ఉంటాది, మా ఆవిడ ఇది చదువుతాది కాబట్టి మొదటిది అని మాత్రం రాయను.

సరే, తిరుగు ప్రయాణం. పొద్దున్న మంచోడనుకున్న ఆటో అతను సాయంత్రం ఐదుకి వస్తానని నంబర్ ఇచ్చేడు. ఐదున్నరకి చేస్తే ఎత్తలేదు. ఆరుకి ఎత్తి, పెళ్ళిబేరం తగిలింది సార్, వేరే ఎవరినైనా చూసుకోండి అన్నాడు. ఎవరిని చూసుకోను? చీకటి పడ్డాక షేర్ ఆటోలు పల్చబడిపోయేయి, ఉన్నవి ఊళ్ళోకి వచ్చేవే గానీ బయటికి పోయేవి కావు. నాకు చెమటలు పట్టేస్తన్నాయి, రైలు టైము అయిపోతంది, మా ఆవిడ ఏమీ అనకుండా నావైపు చూస్తంది, అది ఇంకా భయం. అప్పుడు అమ్మ గట్టుమీద కూర్చుని "రంగం వెళ్ళినోళ్ళకి రిటర్న్ ఆటో ఎవడు మాట్లాడేడ్రా" అంది. అంత టెన్షన్లోనూ ముగ్గురం నవ్వేసేం.

చివరికి కొబ్బరికాయల లోడుతో పోతున్న ట్రాలీ ఆటో అతను అమ్మనీ మా ఆవిడనీ ముందు కూర్చోబెట్టి, నన్ను కాయల మీద కూర్చోబెట్టి కంచిలి దాకా దింపేడు. రైలు వెళ్ళిపోయింది. హైవే మీద నించుని ఇచ్ఛాపురం బస్సు పట్టుకుని ఆ రాత్రి అక్కడ మా వదిన (మా ఆవిడ అక్క) గారింట్లో పడుకున్నాం, వదిన వాళ్ళు ఏడింటికే పడుకునే మనుషులు, పాపం లేచి మళ్ళీ అన్నం వండేరు. సోమవారం ఆఫీసుకి సగం పూట లీవు.

కాబట్టి మొదటి ట్రిప్పుకి నా లెక్క: రైలు అయిదు, ఊరు అయిదు, పులుసు ఆరు, ఆటో ఒకటి. ఆ ఒకటి కూడా పొద్దున్న చెప్పిన తిత్లీ కబుర్లకి.

రెండోసారి వదినే నడిపించింది, మీకు చేతకాదు పదండి అని. ఇచ్ఛాపురం దాకా మేము బరంపురం నించి బస్సులో వచ్చేం, పాతిక కిలోమీటర్లు, అక్కడినించి సోంపేట వైపు పల్లెవెలుగు ఎక్కేం. ఇక్కడ ఒక తమాషా జరిగింది. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నించి ఆడవాళ్ళకి ఆర్టీసీలో ఫ్రీ కదా, స్త్రీశక్తి అని, వదిన ఆధార్ చూపించింది, జీరో టికెట్ కొట్టి చేతిలో పెట్టేరు. మా ఆవిడ కూడా దర్జాగా ఆధార్ తీసింది. కండక్టర్ గారు చూసి "అమ్మా మీది ఒడిశా" అన్నారు చాలా మర్యాదగా. సొంత అక్కచెల్లెళ్ళు, ఒకే అమ్మ కడుపున పుట్టినవాళ్ళు, పక్కపక్క సీట్లు, ఒకరికి సున్నా ఒకరికి టికెట్టు. దారంతా వదిన ఆ జీరో టికెట్ విసనకర్రలా ఊపుకుంటానే ఉంది. రూలు రూలే, అది ఆంధ్రా అడ్రస్ ఉన్నవాళ్ళకే, బరంపురం ఆడపడుచులు ఆశపడి చిల్లర లేకుండా ఎక్కకండి.

బస్సు నిదానం. ప్రతి ఊళ్ళోనూ ఆగుతాది, మేకపిల్లలు కూడా ఎక్కుతాయి. కానీ ఒక్క విషయంలో రైలు కంటే నయం, సోంపేట ఊళ్ళోనే దింపుతాది, కంచిలి గొడవ లేదు. ఈసారి వదిన చేసిన తెలివైన పని ఏటంటే, సోంపేటలో దిగగానే బారువ వెళ్ళే ఆటో మాట్లాడకుండా, బారువ నించి వచ్చే ఆటో ముందు మాట్లాడింది. అంటే బారువలోనే ఉండే మనిషిని, రాత్రికి ఇంటికి పోవాల్సిన మనిషిని కాదు, అక్కడే ఇల్లున్నవాడిని. సోంపేట ఆటో అయితే మనకోసం ఖాళీగా అంత దూరం రావాలి, మంచి బేరం తగిలితే రాడు, బారువ ఆటో అయితే మన పక్కనే ఉంటాడు, లేపి తీసుకెళ్ళొచ్చు. ఇంత చిన్న లాజిక్ నాకు బుర్రకి తట్టలేదు. అడ్వాన్స్ కూడా ఇవ్వలేదు వదిన, వాళ్ళ వీధి పేరు, ఇంటి గుర్తు అడిగింది, అంతే. టైముకి పది నిమిషాలు ముందే వచ్చి హారన్ కొట్టేడు.

మూడోసారి నేనూ మా తోడల్లుడు అన్నయ్యా బండి మీద. బరంపురం నించి 60 పైచిలుకు కిలోమీటర్లు, దాదాపు అంతా 16వ నంబరు హైవే, నాలుగు వరసలు, గిరిసోల దగ్గరే ట్యాంక్ నింపేసుకోండి, బోర్డర్ దాటితే పెట్రోలు రేటు పెరుగుతాది, ఇచ్ఛాపురం వాళ్ళే ఇటొచ్చి కొట్టించుకుంటారు. కారులో వచ్చేవాళ్ళకి బెల్లుపడ టోల్ ఉంది, బండికి లేదు. హైవే మీద లారీలు మాత్రం భయంకరం, రాత్రి పూట బండి మీద తిరిగి రాకండి, మేము నాలుగున్నరకే బయల్దేరిపోయేం. కొర్లాం దగ్గర హైవే దిగి బారువ లోపలికి వెళ్ళే దారి కూడా ఉంది, ఒకసారి అది కూడా చూసేం, తోటల మధ్యలో బాగుంటాది. సుఖం అంటే ఇదే సుఖం, కానీ అమ్మని తీసుకెళ్ళలేం, అందుకని నాకు ఇది సగమే లెక్క.

దూరం నించి వచ్చేవాళ్ళు అడిగితే: విశాఖ నించో భువనేశ్వర్ నించో అయితే వందేభారత్ 2024 మార్చి నించి నడుస్తంది, ఇచ్ఛాపురంలో ఆగుతాది, పలాసలో ఆగుతాది, సోంపేటలో కాదు. మా బావమరిది భువనేశ్వర్ నించి అందులో వచ్చి ఇచ్ఛాపురంలో దిగి, అంత స్పీడుగా వచ్చి ఇక్కడ పల్లెవెలుగు కోసం ముప్పావుగంట వేపచెట్టు కింద నించున్నాడు. ఏసీలో ఆదా చేసిన టైమంతా అక్కడ కట్టేసినట్టు అయింది. మాలాంటోళ్ళకి జనరల్ డబ్బా ఉండి సోంపేటలో ఆగే బండే మహారాజు.

ఉండడానికి: బారువలోనే ఉండాలని మేము ప్రయత్నించలేదు. సోంపేటలో ఒక లాడ్జి చూసేం, పేరు రాయను, దుప్పటి చూసి బయటికొచ్చేసేం. ఇచ్ఛాపురంలోనో పలాసలోనో ఉండి పగలు వెళ్ళి రావడం మేలు. మాకైతే వదిన ఉంది.

అమ్మ ఒక చిన్న సీసాలో బారువ నీళ్ళు తెచ్చుకుంది, దేవుడి గూట్లో పెట్టింది. మాఘమాసంలో మళ్ళీ వెళ్దాం అంటంది. సరే అన్నాను, బారువ ఆటో అతనికి నిన్న ఫోన్ చేసేను కూడా, ఎత్తగానే "వదిన గారు వస్తన్నారా సార్" అని అడిగేడు.